ఉండాల్సింది ఒకటి, వచ్చింది ఒకటి

మా ఆఫీసులో అందరూ "అత్తగారు" అని పిలిచేది మనిషిని కాదు, నేను రాసిన మాక్రోను. ఆ పేరు పెట్టినవాళ్లకు నన్ను ఏడిపించాలని తప్ప వేరే ఉద్దేశం లేదు. నేను ఏడవలేదు సరికదా, ఆ ఫైలుకు అదే పేరు పెట్టేశాను.

మేము లిఫ్టు తలుపులను నడిపే బోర్డులు తయారుచేస్తాం. ప్రోగ్రాములన్నీ సీ భాషలో ఉంటాయి. ఏ ప్రోగ్రాము రాసినా దానికి పరీక్షలు రాయాలి, పరీక్ష తప్పితే నా మాక్రో నోరు విప్పుతుంది. మాక్రో అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక చిన్న మాట రాస్తే, ఆ మాట కనబడిన చోటల్లా దాని వెనకున్న నాలుగు లైన్లను కంప్యూటరే పరిచేస్తుంది. అక్కడికక్కడే పరుచుకుంటుంది కాబట్టి అది ఏ ఫైలో, ఎన్నో లైనో దానికి తెలుసు. నేను రాకముందు పరీక్ష తప్పితే తెర మీద "తప్పింది" అని ఒక్క ముక్క వచ్చేది. ఎక్కడ తప్పిందో వెతుక్కోవడంలో పూటంతా గడిచిపోయేది. ఈలోగా ఎవరికి వాళ్లు నాది కాదంటే నాది కాదని చేతులు దులుపుకునేవారు. నా మాక్రో దగ్గర ఆ ఆటలు సాగవు. ఫలానా ఫైలు, ఫలానా లైను, ఉండాల్సింది ఇది, వచ్చింది ఇది అని మొహం మీదే చెప్పేస్తుంది. అందుకే అత్తగారయింది.

ఆ వారం అత్తగారు మా వదిన మీద పడింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. మా ఇంట్లోనే ఉంటుంది, మా ఆఫీసులోనే పనిచేస్తుంది. నాకీ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. తలుపు కన్నును చదివే ప్రోగ్రాము ఆవిడ రాసినదే. తలుపుకు అడ్డంగా ఎవరైనా ఉన్నారేమో చూసే సెన్సారును మేము కన్ను అంటాం. ఎవరైనా ఉంటే ఒకటి అంటుంది, లేకపోతే సున్నా అంటుంది. తలుపు మూసుకోబోయే ముందు కన్నును ఒకసారి అడుగుతుంది. ఒకటి అంటే ఆగిపోతుంది, సున్నా అంటే మూసుకుంటుంది. కరెంటు వచ్చిన మరుక్షణమే కన్ను ఏమంటుందో చూద్దామని నేను కొత్తగా ఒక పరీక్ష రాశాను. కన్ను ముందు ఒక చెక్కముక్క పెట్టి, బోర్డుకు కరెంటు ఇచ్చి అడిగాను. ఒకటి రావాలి. తెర మీద ఇలా వచ్చింది:

"తప్పింది. ఉండాల్సింది 1. వచ్చింది 1."

గదిలో ఒకటే నవ్వులు. ఒకటి రావాలట, ఒకటే వచ్చిందట, అయినా తప్పేనట! అత్తగారికి చాదస్తం ముదిరిందని ఒకడు, ఎంత చేసినా మెప్పు ఉండదని ఇంకొకడు. వదిన నవ్వలేదు. తన ఫైలు పేరు తప్పుల జాబితాలో కనిపించడం ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

"నీ పరీక్ష తీసెయ్. ముందు నీ మాక్రో బాగుచేసుకుని, తర్వాత నా జోలికి రా," అంది.

"మాక్రోలో తప్పుంటే దిద్దుతాను వదినా. కానీ అది ఊరికే అరవదు. ఏదో ఉంది."

"ఉన్నదల్లా నీ మంకుపట్టే."

మేనేజరు తన గది గుమ్మంలోంచి అంతా విన్నాడు. బోర్డులన్నీ అప్పటికే పెట్టెల్లో సర్ది, గోదాములో పేర్చేశారు. మర్నాడు లారీ వస్తుంది. పరీక్షలన్నీ పాసయితే తప్ప ఒక్క పెట్టె కూడా గేటు దాటకూడదన్నది మా కంపెనీ నియమం. అంటే నా ఒక్క పరీక్ష మొత్తం లారీకి అడ్డంగా కూర్చుంది.

"చూడమ్మా, రేపు లారీ వచ్చేసరికి ఆ పరీక్షయినా ఉండకూడదు, నువ్వయినా ఉండకూడదు. ఏది ఉండాలో నువ్వే తేల్చుకో," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం లేకపోలేదు. కానీ తప్పు తప్పని చెప్పినందుకు నన్ను పొమ్మనడం ఏమిటి?

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర వదిన ఆ గొడవ మళ్లీ ఎత్తింది. అసలు అత్తగారు, అంటే మా అత్తయ్య, వడ్డిస్తూ వింది.

"ఏదో యంత్రానికి నా పేరు పెట్టారటగా?" అంది నాతో.

"యంత్రం కాదత్తయ్యా. ఎవరు ఎక్కడ తప్పు చేశారో, ఏం చెయ్యాల్సిందో, ఏం చేశారో చెప్తుంది."

"మంచిదేగా. ఎవరో ఒకరు చెప్పకపోతే ఎలా?"

"అబద్ధాలు కూడా చెప్తోందమ్మా," అంది వదిన.

"అయితే నా పేరు తీసెయ్యమను."

మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. అక్కకూ పెళ్లానికీ మధ్య తల ఎత్తకపోవడమే క్షేమమని ఆయనకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. అత్తయ్య గరిటె పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగింది.

"వద్దు," అన్నాడు.

"వెయ్యనా?"

ఈసారి కంచం చూసుకుని, "వెయ్యి," అన్నాడు.

"వీడెప్పుడూ ఇంతే. మొదటిసారి అడిగితే వినకుండానే జవాబిచ్చేస్తాడు," అని అత్తయ్య విసుక్కుంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా మాక్రో కూడా రెండుసార్లు అడుగుతోంది! ఉండాల్సిన దానితో పోల్చి చూడటానికి ఒకసారి, ఏం వచ్చిందో తెర మీద చూపించడానికి మళ్లీ ఇంకోసారి. పోల్చినప్పుడు సున్నా వచ్చి ఉంటుంది. చూపించేటప్పుడు మళ్లీ అడిగితే ఒకటి వచ్చి ఉంటుంది. అంటే నిద్ర లేచిన కన్ను మొదటి ప్రశ్నకు చూడకుండానే జవాబు చెబుతోంది.

నేను నవ్వుతుంటే వదిన ఇంకా మండిపడింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే మాక్రోను దిద్దాను. ఒక్కసారే అడిగి, ఆ జవాబును దాచుకుని, పోల్చడానికీ చూపించడానికీ దాన్నే వాడేలా మార్చాను. మళ్లీ నడిపితే అత్తగారు ఈసారి తడబడకుండా చెప్పింది: "తప్పింది. ఉండాల్సింది 1. వచ్చింది 0."

మేనేజరునూ వదిననూ నా బల్ల దగ్గరికి పిలిచాను. గదిలో ఉన్నవాళ్లందరికీ వినబడేలాగే మాట్లాడాను.

"నిన్న నవ్వారుగా, నా మాక్రోలో తప్పున్న మాట నిజమే. ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగింది. దిద్దాను. ఇప్పుడు కన్ను తప్పు చూడండి. కరెంటు పోయి వచ్చాక మొదటిసారి మూసుకునేటప్పుడు ఈ తలుపు మనిషిని చూడదు."

"నిన్నే కదా అది అబద్ధం చెప్పింది? ఇవాళ నిజమని ఎలా నమ్మడం?" అన్నాడు మేనేజరు. లారీ అప్పటికే గేటు బయట హారన్ కొడుతోంది. "ఇదంతా దేనికమ్మా? నీ మాక్రోని ఖాళీ చేసెయ్. దాని వెనక ఏమీ లేకుండా చేస్తే ఇక అరవదు, పరీక్షలన్నీ పాసవుతాయి. ఒక్క లైనేగా."

ఆయన చెప్పింది నిజమే. ఒక్క లైను చెరిపితే చాలు, ప్రపంచంలో తప్పన్నదే ఉండదు.

"చెయ్యను," అన్నాను.

"ఏమిటీ?"

"నేను చెయ్యను. నా చేత చేయించలేరు కూడా. నన్ను పంపించేసి మీరే చేసుకోండి. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఫైలే చెబుతుంది."

ఆయన వదిన వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి మీ మరదలికి."

వదిన మొహం ఎర్రబడింది. "చెప్పడం దేనికి? చూపిస్తాను. ఆ తలుపుని మేం ఎన్నిసార్లు నడిపాం! నా కోడ్ మీద నాకు నమ్మకం ఉంది. రండి."

కింద ల్యాబులో నిజం లిఫ్టు తలుపే చట్రానికి బిగించి ఉంటుంది. అక్కడొక అలవాటు ఉంది. కరెంటు వెయ్యగానే ముందు తలుపును ఒకసారి ఊరికే మూసి తెరుస్తారు. నిద్రమత్తు వదిలించడమంటారు దాన్ని. ఆ తర్వాతే పరీక్ష మొదలుపెడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అందరూ అలాగే చేస్తారు. నేనూ అలాగే చేశాను. వదిన స్విచ్చి వేసి, మత్తు వదిలించడానికి తలుపు మూసే మీట మీద చెయ్యి వేసింది. ఆ తప్పు ఇన్నాళ్లూ ల్యాబులో ఎందుకు బయటపడలేదో అది చూడగానే నాకు అర్థమైంది.

"ఆగండి వదినా!" అని స్విచ్చి ఆపేశాను. "మత్తు వదిలించకండి. కరెంటు పోయి వస్తే జనం ఉండే మేడల్లో మత్తు ఎవరు వదిలిస్తారు? ఎవరో ఒకరు నేరుగా ఎక్కేస్తారు. ఈ చెక్కముక్క అడ్డం పెట్టి మొదటిసారే చూడండి."

వదిన చెక్కముక్కను పక్కకు నెట్టేసింది. "చెక్కముక్క ఎందుకు? నా తలుపు నాకు తెలుసు," అని తనే స్విచ్చి వేసి, మీట నొక్కి, తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

తలుపు ఆగలేదు.

తలుపును ఆపే ఎర్ర బొత్తం మీద నేను గుద్దేసరికే వదిన కేక వేసింది. చెయ్యి బయటికి లాగాం. ఎముక విరగలేదు గానీ మణికట్టు కమిలిపోయి, చూస్తుండగానే వాచిపోయింది. ఆవిడ నేల మీద కూలబడింది. నేను పక్కనే కూర్చుని ఏడ్చేశాను. గెలిచానన్న సంతోషం రవ్వంత కూడా లేదు. ఈ మొండిమనిషి అంటే నాకెంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

"ఇంకోసారి చూద్దాం. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది," అన్నాడు మేనేజరు.

వదిన తలెత్తింది. "చూద్దాం. ఈసారి మీ చెయ్యి పెట్టండి."

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. సరుకు చేరాక మనవాళ్లే వెళ్లి ఒక్కొక్క మేడలో సరిచేసి వస్తారనీ, ఈలోగా ఆ పరీక్షను తీసేస్తే సరిపోతుందనీ, ఈ సంగతి ల్యాబు దాటకపోతే అందరికీ మంచిదనీ నచ్చజెప్పాడు. వదిన అంతా విని, "సరే, నేను చూసుకుంటాను," అని లేచింది.

ఆవిడ వెనకే మేడ మీదికి వెళ్లాను. వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నా కుర్చీలో కూర్చుని, నా ఫైలు తెరిచింది. ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే కొడుతోంది.

"వదినా, తీసెయ్యకండి. మీ చెయ్యి చూశాక కూడా తీసేస్తే, ఇంక జన్మలో మీతో మాట్లాడను."

"నోర్మూసుకుని నన్ను పని చేసుకోనీ."

ఆవిడ దేన్నీ తీయలేదు. పరీక్షకు సరిగ్గా పైన, కంప్యూటరు పట్టించుకోకుండా మనుషులు మాత్రమే చదివే కామెంటు ఒకటి రాసి, కింద తన పేరూ హోదా పెట్టింది. తర్వాత మేనేజరును పిలిచింది. ఆయన వంగి చదివాడు:

"ఈ పరీక్షను తీసేయదలచినవారు, ముందుగా కరెంటు వేసిన వెంటనే తలుపులో తమ చెయ్యి పెట్టవలెను."

"కంపెనీ ఫైలులో ఇలాంటివి రాయకూడదు," అన్నాడాయన.

"అయితే తీసెయ్యండి," అంది వదిన కుర్చీలోంచి లేచి, ఆయన్ని కూర్చోమన్నట్టు చోటిస్తూ. "ల్యాబు కిందే ఉంది. స్విచ్చి నేను వేస్తాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. మేనేజరు తెర వైపూ, వాచిన చెయ్యి వైపూ, నా వైపూ చూశాడు. తర్వాత గేటుకు ఫోను చేసి, లారీని వెనక్కి పంపమన్నాడు. పెట్టెలన్నీ విప్పాం, కన్ను ప్రోగ్రామును వదినే ఒంటిచేత్తో దిద్దింది.

ఆ పరీక్ష ఇప్పుడు రోజూ పాసవుతోంది. ఆ తర్వాత ఇద్దరు మేనేజర్లు మారారు. దానివల్ల ఆలస్యమవుతోంది, తీసేద్దామని ఇద్దరూ అన్నారు. పైనున్న వాక్యం చదివి ఇద్దరూ ఊరుకున్నారు.