గాడిద మేడ దిగలేదు

రాజారాంకు తెలియాల్సింది ఒక్కటే. లండన్ దొరగారి గాడిద మూడో అంతస్తు నుంచి కిందికి ఎలా దిగింది? ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ సంగతి తెలియకుండానే బతికాడు. తెలిసిన ఒక్కడూ, అతని స్నేహితుడు సాయిలు, కిందటి శ్రావణంలో కన్నుమూశాడు.

రాజారాం ఉండే నీలం నగర్‌లో పక్కింటి పిల్ల ఋతుజ కాలేజీలో చదువుతోంది. ఆదివారం పొద్దున ఆ పిల్లను పిలిచి, మడతల్లో చిరిగిపోయిన చీటీ ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద ఇంగ్లిషులో ఒక రేడియో నాటకం పేరుంది. అప్పట్లో తాము పనిచేసిన షెడ్డు యజమాని సేఠ్ కొడుకుతో సాయిలు రాయించి ఇచ్చిన చీటీ అది.

"లండన్ రేడియోల నవ్వుల నాటకం బిడ్డా. మొదట్ల ఏసిన ఎపిసోడ్లల్ల ఒకదాంట్ల గాడిద ఉంటది. నీ ఫోన్ల దొరుకుతదేమో చూడు."

ఆ షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. అందుకే అక్కడి నేతగాళ్లు చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. పోగు తెగితే ఒక సైగ, చాయ్‌కి ఒక సైగ. సేఠ్ వస్తున్నాడని చెప్పాలంటే పొట్ట మీద గుండ్రంగా చెయ్యి తిప్పితే చాలు. భార్య మల్లమ్మ కాన్పులో పోయిన ఏడాది రాజారాం ఎవరికీ సైగ చెయ్యడం మానేశాడు. ఎవరి సైగా చూసేవాడు కాదు.

అప్పుడు సాయిలు ఒక ట్రాన్సిస్టర్ తెచ్చి, తన సాంచ పక్కన మేకుకు తగిలించాడు. బుధవారం మధ్యాహ్నం దానికి చెవి ఆనించి, లండన్‌లో ఏం జరుగుతోందో ఎదుటి సాంచ దగ్గరున్న రాజారాంకు చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. లండన్ దొర నడిస్తే అచ్చం సేఠ్ నడిచినట్టే ఉండేది. మొదటి బుధవారం రాజారాం తల తిప్పుకున్నాడు. రెండో బుధవారం మూతి ముడుచుకుని చూశాడు. మూడో బుధవారం పడీపడీ నవ్వాడు.

ఆ మూడోదే గాడిద కథ. దొరగారి గాడిద మెట్లెక్కి మూడో అంతస్తు చేరింది. ఎక్కడమైతే ఎక్కింది గానీ దిగనంటే దిగనంది. కింద రాణిగారి బండి వచ్చి ఆగింది. దొర తన టోపీ తీసి గాడిద నెత్తిన పెట్టాడు. సాయిలు రెండు చేతులూ పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి సాంచాలన్నీ ఆగిపోయాయి. సాయిలు గబుక్కున ట్రాన్సిస్టర్ కట్టేశాడు.

"మరి గాడిద?" అన్నాడు రాజారాం.

"లండనోల్లు మళ్ల ఏసినప్పుడు చెప్తా పో."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఏడిపించడమంటే సాయిలుకు అంత సరదా. మెల్లగా షెడ్డు మూతపడింది, సాంచాలు తుక్కుకు పోయాయి, రాజారాంకు చెవుడు మిగిలింది. ఇప్పుడు వాడలో ఎవరైనా అతనితో మూడు మాటలు అరిచి చెప్పి, విసుగొచ్చి తమ దారిన పోతారు. చేతుల మాట తెలిసినవాళ్లలో చివరికి మిగిలింది సాయిలే. వాడు పోయాక రాజారాం చేతులకు పలికేవాళ్లే లేరు. కూడు లేకపోయినా ఒకపూట ఓర్చుకోగలడు గానీ, ఇది ఓర్చుకోలేకపోతున్నాడు.

ఋతుజ మధ్యాహ్నం వచ్చింది. అతని చెవి దగ్గర కూర్చుని గట్టిగా చెప్పింది.

"దొరికింది తాతా! మొదటి ఆరు ఇన్న. ఒకదాంట్ల కుర్చీ కోసం కొట్లాట, ఒకదాంట్ల తాళంచెవి పోతది. ఖరంచ్, నిజంగనే మస్తు నవ్వొచ్చింది. గానీ గాడిద లేదు. దొర లేడు, రాణి లేదు."

"మల్లొక్కసారి మంచిగ ఇను. సాయిలు నాకు అబద్ధం చెప్పడు."

పిల్ల అతని చెవికి ఇంకా దగ్గరగా వంగింది.

"తాతా, సాంచాలు ఆడుతుంటే మనిషి అరిసినా ఇనవడదంటివి. గంత చిన్న రేడియో ఆయనకెట్ల ఇనవడ్డది?"

ఆ షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్న రాజారాంకు ఆ అనుమానం ఒక్కసారైనా రాలేదు. కరెంటు పోయిన ఆ క్షణం గుర్తొచ్చింది. షెడ్డంతా నిశ్శబ్దం. సాయిలు చెయ్యి పడకముందు కూడా ట్రాన్సిస్టర్‌లోంచి చిన్న చప్పుడు రాలేదు. పైగా వాడికి ఇంగ్లిషు ముక్క రాదు.

"దొంగ నా కొడుకు!" అన్నాడు రాజారాం. ముందు కోపమే వచ్చింది. ఆ వెనకే కళ్లు నిండాయి. "నన్ను నవ్వియ్యనీకే చేసిండు బిడ్డా. గాడిద ఆనిదే. లండనోల్లది కాదు."

గాడిద సాయిలుదైతే, అది దిగిన దారీ సాయిలుకే తెలుసు. ఇక ఏ ఫోన్‌లోనూ దొరకదు.

"నాకు చెప్పు తాతా ఆ కథ," అంది ఋతుజ, ఎదురుగా జరిగి కూర్చుంటూ. "ఆయన చెప్పినట్టే, చేతులతోని."

బిగుసుకుపోయిన చేతులు మెల్లగా లేచాయి. ముందు గాడిద చెవులు వచ్చాయి, తర్వాత సేఠ్ నడక నడిచే దొర. పిల్లకు సగమే అర్థమైనా కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి అతనూ నవ్వాడు. గాడిద మెట్లెక్కింది. రాణి బండి వచ్చింది. టోపీ గాడిద నెత్తికెక్కింది. రాజారాం రెండు చేతులూ పైకెత్తి ఆగిపోయాడు.

ఋతుజ ఎదురుచూసింది. "తర్వాత?"

"గిక్కడికే కరెంటు పోయింది బిడ్డా," అన్నాడు. ఎత్తిన చేతులు మాత్రం దించలేదు.