షిగే గింజ వేసిన ఐరిస్

ఆ పొద్దున మబ్బు కొండ నడుము దాకా దిగి, కురవకుండా ఆగి ఉంది. వానకారు నడుమ అలాంటి రోజు దొరకదు. కుండీలు మోయడానికి పనికొస్తుందని మేము నలుగురం బండి తోసుకుని తొరజో ఇంటికి వెళ్లాం. తొరజో పోయి నెల దాటింది.

మా ఊళ్లో ఐరిస్ పూలమొక్కలు పెంచే జట్టుకు తాతలనాటి కట్టుబాటు ఉంది. దుంప జట్టు దాటి పోకూడదు. మగదిక్కు లేని ఇల్లు కుండీలన్నీ తిరిగి ఇచ్చేయాలి. జట్టులో లేనివాళ్లు మొలకెత్తించింది ఉంటే కాల్చేయాలి. ఆడవాళ్లకు జట్టులో చోటు లేదు.

తొరజో భార్య షిగే కుండీలను వసారాలో వరుసగా పెట్టి ఉంచింది. అన్నిటిలోనూ మట్టి కొత్తది. పాత మట్టిలో ఐరిస్ నీరసిస్తుంది. ఆకుల మొవ్వుల్లో ఒక్క పురుగు లేదు. అన్నీ బండెక్కించాక బావి పక్కన ఒక కుండీ మిగిలింది.

"అదేంటి?" అన్నాడు గెన్‌పాచి. జట్టుకు పెద్ద, తొరజోకు అన్న.

"అది నాది బావగారూ. గింజ వేసి మూడేళ్లు సాకాను. ఇదే మొదటి మొగ్గ. రేపు విచ్చుకుంటుంది. పువ్వు చూసి నేనే కాల్చేస్తాను."

"జట్టులో లేనిదానివి, గింజ వేయడమేంటి?"

"నాలుగేళ్లు మీ తమ్ముడు లేవలేక పడుంటే ఈ కుండీలన్నీ ఎవరు సాకారు? అప్పుడు నేను ఆడదాన్నని గుర్తు రాలేదు కాబోలు."

మాతో వచ్చిన యసుకె నవ్వించబోయాడు. "ఆ పువ్వు తొరజో మొహంలా ఉంటే ఎవడూ పిలక అడగడులే వదినా. ఒక్క రోజే కదా అన్నా, ఉండనీ."

"చూసినవాడు పిలక అడుగుతాడు," అన్నాడు గెన్‌పాచి.

"అడగడానికి మా గుమ్మం తొక్కేదెవరు? ఈ నెలలో మీరే మొదలు."

గెన్‌పాచి యసుకెకు కళ్లతో సైగ చేశాడు. యసుకె కుండీ మీద చెయ్యి వేశాడు.

"నువ్వు లాగితే వేరు తెగుతుంది," అంది షిగే. తనే కుండీ బోర్లించి దుంప తీసింది. తొట్టి నీళ్లలో దాని వేళ్లు కడిగింది. కొడవలితో ఆకులను సగానికి కోసింది, మళ్లీ నాటబోయేదానికి కోసినట్టు. కోశాక చేతులు ఆగిపోయాయి.

మొగ్గ కొనన కొంచెం రంగు బయటపడినట్టుంది. గెన్‌పాచి మెడ చాచాడు. షిగే దాన్ని పిడికిట్లో మూసేసింది. తనూ చూడలేదు. మొక్కనంతా అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్లి అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పెట్టింది. పచ్చి ఆకు పొగ ఇల్లంతా కమ్ముకుంది.

దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చినవాళ్లు తినకుండా వెళ్లకూడదు. బార్లీ అన్నం, వంకాయ మిసో పులుసు, ఆవాకు ఊరగాయ. మా నలుగురికీ పళ్లేలు పెట్టింది. ఐదో పళ్లెం గెన్‌పాచి ఎదురుగా పెట్టుకుని తనూ కూర్చుంది. మా వైపు ఆడవాళ్లు అలా కూర్చోరు. అన్నం పొగ వాసన వేసింది. ఐదుగురం తల దించుకుని తిన్నాం.