లవీనియా నాటిన ఆపిల్ చెట్టు

కోర్టు హాలులో నేలంతా మెత్తటి మట్టి, దున్ని వదిలేసిన చేనులా కాళ్ల కింద దిగబడుతోంది, అయినా ఆంబ్రోస్ కెల్సోకి అందులో వింతేమీ తోచడం లేదు, ఎందుకంటే ప్లీడరుగా సగం జీవితం ఆయన వాదించిన హాలే ఇది, కాకపోతే జ్యూరీ బల్లల మీద మనుషులకు బదులు తోలుపెట్టెలు కూర్చుని ఉన్నాయి, తాళాలు వేసుకుని, తాళ్లు బిగించుకుని, ప్రయాణానికి సిద్ధంగా. ఆయన నిలబడి వాదిస్తున్నాడు. ఎవరి తరఫునో గుర్తులేదు. గొంతు మాత్రం అలవాటు కొద్దీ పలుకుతోంది. గవర్నరుగా ఉన్నప్పుడూ, లిస్బన్‌లో అమెరికా రాయబారిగా ఉన్నప్పుడూ ఆయనకు తిండి పెట్టింది ఆ గొంతే. ఒళ్లే అలిసిపోయింది. కూర్చోమనేవాళ్లు ఒక్కరుంటే బాగుండునని ఉంది.

జడ్జి పీఠం ఉండాల్సిన చోట ఆయన భార్య లవీనియా గుంట తవ్వుతోంది. ఆమె పోయి నాలుగేళ్లయింది. లిస్బన్‌లో జ్వరం వచ్చి పోతే అక్కడి కొండ మీదే ఖననం చేశారు. ఆ సంగతి ఆయనకు కలలోనూ తెలుసు, తెలిసి కూడా, చేతులకు మట్టి అంటుతోందే, తొడుగులు వేసుకోలేదేం అని మాత్రమే అనుకుంటాడు.

"మళ్లీ నాటుతున్నావా?" అని అడుగుతాడు.

"మళ్లీ పిలుపు వచ్చిందిగా," అంటుంది ఆమె తలెత్తకుండా.

వచ్చిన మాట నిజమే. అధ్యక్షుడి కార్యదర్శి మధ్యాహ్నం రైలు దిగి, ఇంటి ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. రష్యా రాజధాని పీటర్స్‌బర్గుకు రాయబారిగా వెళతారా లేదా, సాయంత్రం రైలుకు జవాబు పట్టుకెళ్లాలి. కాసేపు ఆలోచించుకుంటానని చెప్పి ఆంబ్రోస్ పక్కగదిలోకి వచ్చి పడక కుర్చీలో వాలాడు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. ఆయనకు నోరు ప్లీడరీకి, కాలు రాయబారానికి పనికొచ్చాయి గాని, రెండింటి వెనకా పెట్టెలు సర్దింది లవీనియా.

ఏ ఊరు వెళ్లినా పెట్టెలు విప్పకముందే ఆమె పెరట్లో ఒక ఆపిల్ మొక్క నాటేది. మొక్క వేరు పట్టుకుంటే మనకూ ఊరు పట్టుకుంటుందనేది. ఈ ఇంట్లో నాటిన చెట్టు పూత పూసిన ఏడాదే ఆయన గవర్నరై రాజధానికి వెళ్లాడు. అక్కడ నాటింది కాపుకొచ్చేసరికి పదవీకాలం ముగిసింది, ఆ కాయలు తర్వాతి గవర్నరుగారు తిన్నారు. ఇంటికి రాకుండా అటునుంచి అటే లిస్బన్ వెళ్లారు, అక్కడి మొక్క మోకాలెత్తు దాటకముందే ఆమే పోయింది.

ఇప్పుడు హాలు గోడలు పలచబడి, మూడు చెట్లూ జ్యూరీ బల్లల మధ్య లేచి నిలబడుతున్నాయి, వాటి వెనక ఎక్కడో లిస్బన్ సముద్రం వినిపిస్తోంది, ఆంబ్రోస్ పెట్టెల వైపు తిరిగి తన కేసు తానే చెప్పుకుంటున్నాడు. ఈమెను అడగకుండా తాను ఏ పదవీ ఒప్పుకోలేదని, ప్రతిసారీ ఏమంటావని అడిగానని, ప్రతిసారీ ఈమె లేచి ప్రయాణానికి టోపీ నాడాలు కట్టుకుందని, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలని అంటాడు.

"సరేనన్నానా?" అంటుంది లవీనియా.

"కాదనలేదుగా."

"ప్లీడరుగారికి ఆ మాత్రం చాలు."

కోపంగా అనలేదు. ఆ కోపం లేకపోవడమే ఆయనకు కష్టంగా ఉంది. పోనీ ఇప్పుడు చెప్పు, వెళ్లనా, మాననా అని బతిమాలతాడు. నువ్వు వద్దంటే మానేస్తానంటాడు.

ఆమె పార పక్కన పెట్టి, గుంట అంచున కూర్చుని, మట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. "ఈసారి నన్ను అడగకండి. గుంట తవ్వాను గాని మొక్క దొరకలేదు. నాకూ ఓపిక లేదు."

"మరేం చెయ్యమంటావు?"

"ఒక్కటి చెప్పండి. మనింటి కాయ తీపా, పులుపా? నాటడమే గాని తినలేదు నేను. ఎవరినైనా అడుగుదామంటే ఆ కొండ మీద తెలిసినవాళ్లెవరూ లేరు."

రాజుల ముందు తడబడని మనిషికి తన పెరటి కాయ రుచి తెలియదు, పెట్టెలన్నీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి, ఆమె కూడా.

ఎవరో తలుపు తట్టారు. ఆంబ్రోస్ కళ్లు తెరిచేసరికి ఎండ కిటికీలోంచి కుర్చీ కాళ్ల దాకా వచ్చింది. ముఖం తడిగా ఉంది. గుమ్మంలో కార్యదర్శి నిలబడ్డాడు, చేతిలో సగం కొరికిన ఆపిల్.

"రైలుకు వేళవుతోందండీ," అన్నాడు. ఆంబ్రోస్ చూపు తన చేతి మీద ఉండడం చూసి కాస్త సిగ్గుపడ్డాడు. "కూర్చుని కూర్చుని విసుగొచ్చి పెరట్లోకి వెళ్లాను. మీ చెట్టుదే. చాలా బాగుందండీ."

ఆంబ్రోస్ లేచి పెరట్లోకి నడిచాడు. నిరుడు చలికాలంలో లిస్బన్ నుంచి ఒంటరిగా తిరిగొచ్చాక ఇదే మొదటి కాపు. ఆ చెట్టు దగ్గరికి వెళ్లడానికి మనసొప్పక ఇన్నాళ్లూ ఆ వైపు కిటికీ మూసే ఉంచాడు. చేతికందిన కాయ తెంపి కొరికాడు. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి. కార్యదర్శి మర్యాదకు అబద్ధమాడాడు. రాయబారిగా ఇలాంటి అబద్ధాలు ఆంబ్రోస్ ఎన్ని ఆడలేదు గనక. కాయ మొత్తం తిన్నాడు, గింజలు జేబులో వేసుకున్నాడు.

"అధ్యక్షులవారికి ఏమని చెప్పమంటారు?" వెనకే వచ్చిన కార్యదర్శి అడిగాడు.

"కాయలింకా పండలేదు," అన్నాడు ఆంబ్రోస్. "పండేదాకా నేను ఎక్కడికీ రానని చెప్పండి."