పది నిమిషాలు ముందుండే గడియారం

ఊరి నడిబొడ్డున, స్టేషనుకు ఆనుకుని ఉన్న ఆ పెద్ద హోటలును రైల్వేవాళ్ళే కట్టించారు. కట్టిన కొత్తలో ఎవరో పెద్దమనిషి హాల్లో సోఫా మీద కునుకు తీసి, రైలు తప్పిపోయి, నానా రభస చేశాడట. దాంతో అప్పటి మేనేజరు హాల్లో గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పేశాడు. తర్వాత యజమానులు మారారు, తివాచీలు మారాయి, గడియారం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అతిథులకు ఆ సంగతి తెలియదు. పనివాళ్ళు దాన్ని చూడగానే మనసులో పది తీసేసుకుంటారు.

రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడకు ఆ లెక్క ఉగ్గుపాలతో వచ్చింది. వాళ్ళ నాన్న అక్కడే దర్వాన్‌గా చేశాడు. చేతికి వాచీ పెట్టుకోవడం వాళ్ళ ఇంటావంటా లేదు. ఎవరి రైలు ఎక్కడ తప్పిపోతుందోనని కాలుగాలిన పిల్లిలా తిరిగే ఆమెకు తోటివాళ్ళు కంగారమ్మ అని పేరు పెట్టారు.

ఆ రోజు కంగారు మాత్రం తన కోసమే. నాలుగు గంటల రైల్లో అక్క ఈ ఊరు మీదుగా వెళ్తోంది. రైలు ఆగేది అయిదే నిమిషాలు. నాన్న పోయినప్పుడు "నాతో వచ్చెయ్యవే, ఈ రాళ్ళకుప్ప నీకు నాకంటే ఎక్కువా?" అని అక్క అడిగితే, "ఎక్కువే" అని నోరు జారింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. నిన్న అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మ నిన్ను ప్లాట్‌ఫాం మీదకు రమ్మంటోంది. మళ్ళీ అడగదట" అంది.

మధ్యాహ్నం నుంచీ ఆమె కూర్చోలేదు, నిలబడలేదు. తాళాలు ఒక కొక్కెం మీంచి తీసి ఇంకో కొక్కేనికి తగిలించింది. కాఫీ ఫ్లాస్కు మూత నాలుగుసార్లు బిగించింది. పైన కొత్త యజమాని మరమ్మతుల రొద చెవులకు చిల్లులు పొడుస్తోంది, రైలు కూతలు కూడా వినబడటం లేదు.

"ముందే వెళ్ళరాదా అమ్మా, ఎందుకలా నలిగిపోతావు?" అన్నాడు సామాన్లు మోసే ముసలాయన.

"ముందే పోయి పడిగాపులు పడితే ఆవిడగారికి లోకువైపోనూ?"

గడియారం నాలుగూ అయిదు చూపించింది. పది తీసేసి, ఫ్లాస్కు పట్టుకుని గబగబా బయల్దేరింది.

ఆమె ప్లాట్‌ఫాం మీదకు వచ్చేసరికి రైలు చివరి పెట్టె మలుపు తిరుగుతోంది. స్టేషను గడియారం నాలుగూ ఏడు చూపిస్తోంది. ముసలాయన రొప్పుతూ వెనకే వచ్చాడు.

"అమ్మా, పొద్దున నువ్వు పైన ఉండగా కొత్త ఓనరు గడియారం సరిచేయించాడట! ఇప్పుడే చెప్పారు."

నేను రానని అక్క అనుకుని ఉంటుంది, పంతానికి పోయాననుకుని ఉంటుంది అని ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏమే, బతికే ఉన్నావా?"

స్తంభం అవతల తన ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది అక్క. జుట్టంతా నెరిసిపోయింది. ముఖం కందగడ్డలా ఉంది.

"దిగిపోయావా?"

"దిగక? ఎంత కోపమున్నా రైలు వేళకు నువ్వు రాకుండా ఉండవు. కనపడకపోయేసరికి నీకేదో అయిపోయిందనుకున్నాను. నా పైప్రాణాలు పైనే పోయాయి." అంటూనే చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ రైలు రేపేనట. ఆ రాళ్ళకుప్పలో నాకో గది ఇస్తావా?"

హాల్లోకి రాగానే అక్క తలెత్తి గడియారం చూసింది. ఆమె పెదాలు ఏదో లెక్క వేసుకుంటున్నాయి.

"పది తీసెయ్యకక్కా," అంది చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ.