అందరికీ ఒకే ఉప్పు

చెప్పుల దుకాణంలో పొద్దుటినుంచీ వంగి ఎవరెవరి పాదాలకో జోళ్ళు తొడిగే మనిషికి, తన పాదాలు తన చెప్పుల్లో పట్టకపోవడం కన్నా నగుబాటు ఏముంటుంది? సాయంత్రానికి చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండేది. "తిని కూర్చుంటే ఒళ్ళు రాదూ?" అన్నాడు భర్త. ఆమె కూర్చునేదెప్పుడో ఆయనే చెప్పాలి.

రెండో పిల్ల పుట్టాక గర్భం రాకుండా మాత్రలు మొదలుపెట్టింది. తొడుగు ఆయనకు పడదట. ఆపరేషన్ మాటెత్తితే అత్తగారు "మగాడి ఒంటిమీద కత్తి పెట్టిస్తావా? రేపు బరువులెత్తేదెవరు?" అని బుగ్గలు నొక్కుకుంది. ఆయన ఎత్తే బరువల్లా టీవీ రిమోటే. మాత్ర వల్లే ఒంటికి నీరు పడుతోందని మందుల షాపతను వేరే రకం ఇచ్చాడు. వాపు తగ్గింది, హమ్మయ్య అనుకుంది. అంతలో భర్తకు బీపీ బయటపడింది. అత్తగారు ఆ పూటే సోడియం తక్కువుండే ఉప్పు తెప్పించింది. ఒక్కడి కోసం వేరే వంటెందుకని అందరికీ అదే వేసింది.

నెల తిరక్కుండానే ఆమె కాళ్ళలో సత్తువ పోయింది. ఒకరోజు దుకాణంలో ఎవరికో జోడు తొడగడానికి మోకాళ్ళ మీద కూర్చుని, మళ్ళీ లేవలేకపోయింది. గుండె ఒకసారి కొట్టుకుని, ఇంకోసారి మరిచిపోతోంది. చచ్చేంత భయం వేసింది.

"ఏం మాత్రలు వాడుతున్నావమ్మా? ఇంట్లో ఏం ఉప్పు?" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ, రక్తపరీక్ష చూసి. ఆ రకం మాత్ర పొటాషియాన్ని ఒంట్లోంచి సరిగా పోనివ్వదట. ఆ ఉప్పు నిండా పొటాషియమేనట. రెండూ కలిసి గుండె మీదికి తెచ్చాయి. "ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?" అని అడిగింది. ఏమని చెబుతుంది? ఉప్పు మగవాడి ఆరోగ్యం, ఇంటిల్లిపాదికీ పట్టింది. మాత్ర ఆడదాని గుట్టు, ఎవరికీ పట్టలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం భర్తతో అంది: "మాత్రలు ఆపేశాను. ఇక ఆ జాగ్రత్త మీది. చిన్న ఆపరేషనే, వెళ్ళిన రోజే ఇంటికొచ్చేస్తారు. అది అయ్యేదాకా నేను పిల్లల దగ్గర పడుకుంటా."

భర్త తెల్లబోయాడు. "నాకేమన్నా అయితే?"

ఆ మాట ఎంత కొత్తగా వినిపించిందంటే ఆమెకు కోపం కూడా రాలేదు. ఆమె ఇన్నేళ్ళు మాత్ర మింగుతుంటే, ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా.