విత్తనానికి వదిలిన కాయ

వెంకటప్ప కడుపులో పుండు పడిందని డాక్టరు తేల్చిన రోజునే ఆ వంటింట్లోంచి మిరపకాయను వెలివేశారు. తమిళనాడులోని ధర్మపురిలో నాలుగు రోడ్ల దగ్గర బోరు మోటార్లు బాగుచేసే వెంకటప్పకు యాభై ఎనిమిదేళ్లు. పళ్లు వచ్చిన నాటినుంచి రాగిసంగటిలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పెరిగిన మనిషి. “అహంకారం మానమనండి, మానేస్తా. మమకారం మానమనండి, అదీ మానేస్తా. ఉత్త కారం ఒక్కటి వదిలిపెట్టండి సార్,” అని బేరం పెట్టాడు. డాక్టరు నవ్వలేదు. రోజుకు ముగ్గురైనా ఆ మాట అంటారు కాబోలు, మందుల చీటీ రాసి చేతిలో పెట్టాడు.

ఆయన భార్య చిక్కమ్మ అంతటితో ఊరుకోలేదు. ఎలాంటి చిక్కైనా ఆమె చేతికి చిక్కితే విడిపోవలసిందే. మిద్దె మీద పాత పెయింటు బకెట్లలో ఏళ్ల తరబడి మిరప పెంచుతున్న చెయ్యి అది.

“కారం లేని మిరక్కాయ కూడా ఉంది కదా, కొడైమిళగాయ్. అది పెంచుతా. పేరుకు మిరక్కాయే. నీ నాలికను కొన్నాళ్లు ఏమారుద్దాం,” అంది.

కొడైమిళగాయ్ అంటే మనం క్యాప్సికం అనే బుట్టమిరపే. జనవరిలో పాలక్కోడు నుంచి విత్తనాలు తెప్పించింది. పద్దెనిమిది గింజలు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ నెత్తిన పెట్టింది. పక్కనే పెట్టిన మామూలు మిరప గింజలు ఎనిమిదో రోజుకే తోక బయటపెట్టాయి. బుట్టమిరప మాత్రం పదిహేనో రోజుదాకా తలుపు తీయలేదు. తీసినవి అయిదే. పెరుగు కప్పులకు అడుగున బొక్కలు పొడిచి, కొబ్బరిపీచు పొడీ పశువుల ఎరువూ కలిపి నింపి, కప్పుకొక మొలక చొప్పున నాటింది.

అందులో రెంటిని వెంకటప్పే ముంచాడు. మోటార్ల మనిషి కదా, నీళ్లు పోయడమే తెలుసు కానీ ఆపడం తెలియదు. కాడ మొదట్లో కుళ్లి రెండూ ఒరిగిపోయాయి. బకెట్లలోకి మార్చాక ఇంకొకదాన్ని ఉడత కొరికేసింది. నాలుగోది ఏప్రిల్ ఎండకు పూత మొత్తం రాల్చుకుంది. అయిదోది నిలబడింది. మధ్యాహ్నాలు దానికి చిక్కమ్మ పాత పంచె కట్టి నీడ పట్టేది. కట్టుకున్నవాడికి కూడా అంత గొడుగు పట్టలేదని వెంకటప్ప అలిగేవాడు.

ఆ మొక్క నాలుగు కాయలు కాసింది. మూడింటిని పచ్చిగా ఉండగానే కోసి పెసరపప్పు వేసి వండిపెట్టింది. నాలుగోదాని తొడిమకు పసుపు దారం కట్టింది. దారం కట్టిన కాయ విత్తనానికి వదిలిన కాయ. చిక్కమ్మ పుట్టింట్లో చిన్నపిల్లలు కూడా దాని జోలికి పోరు.

“మన ఎండను ఓర్చిన గింజయ్యా ఇది. వచ్చే ఏడు నీకు బకెట్లకు బకెట్లు,” అంది.

మే నెలలో అది పూర్తిగా ఎర్రబడింది.

ఆ ఆదివారం చిక్కమ్మ కంబైనల్లూరులో పెళ్లికి పోయింది. వెంకటప్ప చప్పటి సంగటి మజ్జిగలో కలుపుకుని తిని, చప్పటి మొహంతో మొక్కలకు నీళ్లు పోయడానికి మిద్దెక్కాడు. కాయ తళతళలాడుతోంది. ఊరికే వాసన చూద్దామని వంగాడు. ముక్కు కిందనే నోరు పెట్టడం దేవుడు చేసిన పొరపాటు. తియ్యగా, కరకరలాడుతూ, నీళ్లూరుతూ, ఆరు నెలల ఉపవాసం మూడు కొరుకుల్లో తీరిపోయింది.

చేతిలో తొడిమా, దానికి అంటుకున్న గింజల గుత్తీ మిగిలాయి. అప్పటికైనా ఆ గింజల్ని కాగితంలో చుట్టి దాచి, ఆశకు ఆగలేకపోయానని చెప్పి ఉంటే రెండు తిట్లతో పోయేది. కానీ అతని కంటికి అవి విత్తనాలుగా కనిపించలేదు, సాక్ష్యాలుగా కనిపించాయి. గోడ మీదుగా సందులోకి విసిరాడు. కింద మేక ఒకటి సాక్ష్యాన్ని నమిలేసింది.

సాయంత్రం చిక్కమ్మ పెళ్లి చీరతోనే మిద్దెక్కి, దిగింది.

“ఏమయ్యా, కాయ లేదే. మిద్దె మీదికి ఎవురన్నా వచ్చినారా?”

“పొద్దున పొన్ని గుడ్డలారేసి పోయింది కదా,” అన్నాడు వెంకటప్ప.

అందులో అక్షరం అబద్ధం లేదు. పొన్ని వచ్చింది, ఆరేసింది, పోయింది. నిజాన్ని తెచ్చి అబద్ధం కూర్చోవలసిన పీట మీద కూర్చోబెట్టాడు, అంతే.

పొన్ని పదకొండేళ్లుగా ఆ ఇంట్లో గిన్నెలు తోమి గుడ్డలుతికే మనిషి. నల్లంపల్లి దారిలో కాలనీలో ఉంటుంది. ఆమెదీ తెలుగిల్లే. పేరు తమిళం, తిట్టు తెలుగు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది.

చిక్కమ్మ అరవలేదు. మర్నాడు మిద్దె తలుపుకు తాళం వేసి, “గుడ్డలు నేనారేస్తాలే పొన్నీ, నువ్వు గిన్నెలు చూడు,” అంది. మూడు రోజులు అలాగే నడిచింది. ఆ మూడు రోజులూ వెంకటప్ప వసారాలో ఒకే మోటారు ముందేసుకుని, ఒకే బోల్టు బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. మూడో రోజు పొన్ని అడిగేసింది.

“అక్కా, మిద్దెకు బీగం ఎందుకు పడింది?”

“కోతులొస్తాండాయి.”

“పదకొండేండ్లుగా రాని కోతులా? రెండు కాళ్లవా, నాలుగు కాళ్లవా?”

“అది నువ్వే చెప్పాల,” అంది చిక్కమ్మ.

పొన్ని తోముతున్న గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తాళం సంగతి మాత్రం వీధంతా తిరిగొచ్చింది. పొన్ని పనిచేసే ఎదురింట్లో కనిమొళి ఎన్నడూ లేనిది బీరువా తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరగడం వెంకటప్ప కళ్లారా చూశాడు. కాయ కడుపులో ఎప్పుడో అరిగిపోయింది, పొన్ని మాత్రం అరగలేదు. పుండుకు మందు ఉంది కానీ దీనికి చీటీ రాసే డాక్టరు లేడు.

తెలివి మీద నమ్మకం ఇంకా పోని మనిషి కనుక సంతకు పోయి నిగనిగలాడే ఎర్ర క్యాప్సికం ఒకటి కొని, గింజలు తీసి, ఆరబెట్టి తెచ్చాడు.

“ఇదో, గింజలు. పోయినవి పోనీ. పొన్నిని పిలువు.”

చిక్కమ్మ వాటిని వేలితో కదిపి చూసింది.

“ఇవి హోసూరు ప్లాస్టిక్ గుడారాల్లో నీడన పెరిగినవి. మన ఎండకు మూడు దినాలు నిలవవు. అయినా గింజలు పోయినాయని కాదయ్యా నా బాధ. అది ఒక్క మాట అడిగుంటే నేనే కోసిచ్చుందునే. అడక్కుండా తీసుకునేంత పరాయిదాన్ని అయిపోతినా దానికి?”

ఇక వెంకటప్ప వల్ల కాలేదు.

“పొన్ని కాదు.”

“మరెవురు?”

“రెండు కాళ్ల కోతి. మోటార్లు బాగుచేస్తాది.”

ఆ మాటకు చిక్కమ్మ నవ్వుతుందేమోనని ఏ మూలో ఆశపడ్డాడు. ఆమె గింజల పొట్లం మడిచి అతని జేబులోనే పెట్టింది.

“నీ కోసరమే కదయ్యా పెంచినాను. నువ్వు తింటే నేను కాదంటానా? దాని పేరెందుకు చెప్పినావు?”

“చెప్పలే. గుడ్డలారేసి పోయిందన్నాను, అంతే.”

“దాన్నే చెప్పడమంటారు,” అని చెప్పులేసుకుంది. “నడువు. బీగం వేసింది నేను, నేనూ వస్తా.”

పొన్ని ఇంటి ముందు చాప మీద చింతపండు గుట్ట ఉంది. కూలికి గింజలు తీస్తోంది. వాళ్లను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. “కాయ తిన్నది నేను,” అని వెంకటప్ప నిలబడే చెప్పాడు. పదాలతో ఆడుకోవడం అలవాటైన నోటికి ఆ మూడు మాటలు చెప్పడానికి మూడు గుటకలు పట్టాయి. పొన్ని చింతకాయను రాయి మీద పెట్టి సుత్తితో కొడుతూనే ఉంది.

“నేను గిన్నెలు తోముతాంటి. మీరు నా ముందరే బోల్టు తిప్పుతాంటిరి. మూడు దినాలు.”

“అవునమ్మా.”

“ఒక్కసారన్నా నిజం నోటికి రాలేదా అన్నా?”

చిక్కమ్మ ముందుకొచ్చి, “తప్పు నాదీ ఉంది పొన్నీ,” అంది.

“మీరు తెలీక వేసినారక్కా బీగం. ఈయనకు తెలుసు,” అంది పొన్ని. “సరి, నాకు చెప్పినారు. నాకు ముందే తెలుసు కదా నేను తీయలేదని. తెలీనోళ్లకు పోయి చెప్పండి. కనిమొళక్కకు చెప్పండి. వీధికి చెప్పండి.”

ఆ సాయంత్రం వెంకటప్ప తన వీధిలో తొమ్మిది గడపలెక్కి, “ఆ కాయ నేనే తిన్నాను, పొన్నికి సంబంధం లేదు,” అని తమిళంలో తొమ్మిదిసార్లు చెప్పాడు. అందరూ నవ్వారు. ఈ వయసులో సొంత మిద్దె మీద దొంగతనమా అని ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వాడు. జీవితమంతా నవ్వించడానికి అంత కష్టపడినవాడికి ఆ నవ్వులు చెవులకు ములుకుల్లా తగిలాయి. కనిమొళి మాత్రం, “అయ్యో, మేము ఎవరిని ఏమనుకున్నామన్నా,” అంటూ కొంగు ముడి వెనక్కి తిప్పుకుంది.

సోమవారం పొన్ని పనికొచ్చింది. గిన్నెలు తోమింది, గుడ్డలుతికింది. బకెట్టు తెచ్చి మెట్ల కింద పెట్టి చెంగుకు చేతులు తుడుచుకుంది.

“బీగం తీసేసినాము పొన్నీ, తలుపు తెరిచే ఉంది,” అన్నాడు వెంకటప్ప.

“చూసినానన్నా. గిన్నెలు తోముతా, గుడ్డలుతుకుతా. మిద్దె మీదికి మాత్రం రాను. రేపు ఇంకేమన్నా పోతే మళ్లా నేనే ఎక్కినదాన్ని అయితాను.”

వంటింట్లో చిక్కమ్మ గరిటె చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. ఆమె కలగజేసుకోదని అర్థమై, వెంకటప్ప బకెట్టు అందుకున్నాడు. ఇరవై రెండు మెట్లు. ఆ బకెట్టు తానెన్నడూ మోయలేదు కాబట్టి తడిగుడ్డల బరువు ఇంత ఉంటుందని తెలియదు. పన్నెండో మెట్టు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

“చీరలు నీడన ఆరేయండి అన్నా,” అంది కింది నుంచి పొన్ని, “ఎండకు రంగు పోతాయి.”

రంగు మీద చక్కటి చమత్కారం ఒకటి అప్పటికే నాలుక చివరికి వచ్చి కూర్చుంది. వెంకటప్ప దాన్ని మింగేశాడు.

“సరేమ్మా,” అని పైకెక్కి, మిద్దె మీద నీడ ఎక్కడుందో వెతుక్కున్నాడు.