ఆల్చిప్ప ఎప్పుడు పోయింది

తడిగుడ్డతో గాజుతొట్టి తుడుస్తూనే పిన్ని ఒక చెవి పిట్ట గదివైపు పడేసింది. ఇవాళా పాట లేదు. అడవిలో, సముద్రంలో కరువైపోతున్న జీవాలను సాకే ఆ కేంద్రంలో ఆమె అందరికీ పిన్నే. ఆమె చేతికింద ఇద్దరున్నారు: పసుపు గొంతు పాటపిట్ట ఒకటి, మూరెడు పొడవు ఆల్చిప్ప ఒకటి. ఏది ఎక్కువ అపాయంలో ఉందని ఓసారి డాక్టరమ్మను అడిగింది.

"రెండూ అంతే పిన్నీ. ఆ మాటకొస్తే ఆల్చిప్ప జాతే ముందు పోయేలా ఉంది."

పిన్నికి అది ఎంతకీ మింగుడుపడలేదు. పిట్టయితే ఆకలేస్తే అరుస్తుంది, అలిగితే మూల కూర్చుంటుంది. ఇది ఒంట్లోంచి తీసిన సన్న పోగులతో అడుగు రాళ్లను పట్టుకుని, ఇసుకలో నిలబడి నీళ్లు మింగి నీళ్లు వదులుతుంది. దీనికేం రోగం?

వారంగా కేంద్రమంతా జబ్బుపడ్డ పిట్ట చుట్టూనే. పిన్ని అన్నం తినడం కూడా పంజరం పక్కనే. మధ్యాహ్నం అది రెక్కలు దులుపుకుని, గొంతు సవరించుకున్నట్టు రెండు ముక్కలు పాడింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"గండం గడిచింది పిన్నీ."

ఆ సంబరంలోనే ఆమె తొట్టి దగ్గరికి వెళ్లింది. నీడ పడితే ఆల్చిప్ప మూతి బిగించుకుంటుంది. చెయ్యి అడ్డం పెట్టింది. బిగించుకోలేదు. వేలు ముంచి తట్టింది. చిప్పలు అలాగే తెరుచుకుని ఉన్నాయి.

డాక్టరమ్మ వంగి చూసింది. "ఎప్పుడు పోయింది?"

"తెలీదమ్మా. పొద్దున తుడిచాను గదా, ఉందనే అనుకున్నా." "నిన్న ఉందా?" అని తనలో తనే గొణుక్కుంది.

"మీ తప్పేం లేదు. ఇది పైకి తెలియనివ్వదు."

పిన్ని బయట బల్లమీద కూలబడింది. లోపల పిట్ట ఆపకుండా పాడుతోంది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఆల్చిప్ప కోసం ఏడుస్తారా ఎవరైనా? ఫోను తీసి ఇంటికి చేసింది. రిటైరయ్యాక ఆమె భర్త పడక్కుర్చీలోంచి లేవడం, నోరు విప్పడం రెండూ తగ్గించేశాడు.

"తిన్నారా?"

"ఆఁ."

"ఒంట్లో బాగానే ఉందా?"

అవతల పడక్కుర్చీ కిర్రుమంది. "ఏం, ఎందుకూ?"

"ఊరికే."

"బాగానే ఉన్నా."

బాగానే అంటే ఎంత బాగానో ఆమెకు అంతుపట్టలేదు. అయినా ఫోను పెట్టేయలేదు. ఆయనా పెట్టేయలేదు.

సాయంత్రం డాక్టరమ్మ ఆల్చిప్పను రెండు చేతులా పైకి తీసి ట్రేలో పట్టుకెళ్లింది. తొట్టి కడగడానికి పిన్ని ఇసుకలో చెయ్యి పెట్టింది. అడుగున, జుట్టుకన్నా సన్నటి బంగారురంగు పోగుల కుచ్చు ఒకటి తెగి మిగిలిపోయి, గులకరాయిని ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది.